సముద్రం ముందు ఫ్రెంచ్ పాట: సెత్ పట్టణపు ఆరుబయటి రంగస్థలంలో కచేరీ వినాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఫ్రాన్స్‌లో మోంపెలియేకి ముప్పై కిలోమీటర్ల దూరంలో సెత్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడ సముద్రపు ఒడ్డున ఉన్న పాత కోటను ఆరుబయటి రంగస్థలంగా మార్చారు. పేరు తెయాత్ర్ ద లా మేర్, అంటే సముద్ర రంగస్థలం. సుమారు 1,500 మంది పడతారు. మోంపెలియేలో (మనవాళ్లు మాంట్‌పెలియర్ అంటారు) చదువుకునే తెలుగు పిల్లలకూ, వేసవిలో వాళ్లను చూడటానికి వచ్చే అమ్మానాన్నలకూ ఇది అందుబాటులోనే ఉంటుంది. అలాంటివారి నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలివి.

పెద్ద స్టేడియంలో వింటే సరిపోదా? ఇంత చిన్నచోటుకే ఎందుకు రావాలి?

ఫ్రెంచ్‌లో 'షాన్సోఁ' అనే పాటకు ప్రాణం మాట. రాగం ఆ మాటను మోసుకొస్తుందంతే. మన లలిత సంగీతంలో సాహిత్యం స్పష్టంగా వినబడకపోతే ఎంత వెలితిగా ఉంటుందో ఇక్కడా అంతే. పదివేల మంది పట్టే హాల్లో శబ్దం గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి మాటల అంచులను చెరిపేస్తుంది. ఆరుబయటి చిన్న వేదికలో ఆ బాధ చాలా తక్కువ. పైగా పాడే మనిషి ముఖం కనిపిస్తుంది. భాష సగమే వచ్చినవాళ్లకు మిగతా సగం ముఖమే చెబుతుంది.

ఈ ఊరికీ పాటకూ పాత చుట్టరికం ఉంది. మాటకు పట్టం కట్టిన గాయకుడు జార్జ్ బ్రాసెన్స్ 1921 అక్టోబరు 22న పుట్టింది ఇక్కడే. గిటారు పట్టుకుని, ఒక కాలు కుర్చీ మీద పెట్టి, వెనక పెద్ద బేస్ వాద్యం ఒకటి తోడుంటే చాలు, సభంతా నిశ్శబ్దమైపోయేది. ఆ పద్ధతికి సరిపడే కొలతల్లోనే ఈ వేదిక ఉంది. రంగస్థలానికి జాఁ విలార్ పేరు పెట్టారు. 1947లో అవిన్యోఁ నాటకోత్సవాన్ని మొదలుపెట్టింది ఆయనే, 1912లో పుట్టింది ఈ ఊళ్లోనే. పక్కనే గుట్ట మీదున్న సముద్ర శ్మశానంలో ఆయన సమాధి, కవి పోల్ వాలెరీ సమాధి ఉన్నాయి. బ్రాసెన్స్ సమాధి కూడా అక్కడే ఉందనుకుని వెతికేవాళ్లు ఎక్కువ. ఆయన ఉన్నది ఊరికి అవతలి వైపు, ఉప్పుకయ్య దగ్గర, ల పీ అనే మరో శ్మశానంలో. రెండూ చూడాలంటే కచేరీ రోజు పొద్దున్నే ఊళ్లో దిగండి.

ఏ నెలల్లో రావాలి?

ఆరుబయట కాబట్టి వేసవిలోనే. జులైలో జాజ్ ఉత్సవం, జులై చివరి నుంచి ఆగస్టు మొదటి వారాల వరకు ప్రపంచ సంగీతపు ఫియెస్తా సెత్ ఈ వేదిక మీదే జరుగుతాయి. ఫ్రెంచ్ గాయకులు వేసవి పర్యటనల్లో భాగంగా వస్తారు. కార్యక్రమాల వివరాలు సాధారణంగా వసంతకాలంలోనే బయటికొస్తాయి. ఆగస్టు 25 అటూఇటూగా సెయింట్ లూయీ పండగ, పడవల మీద బల్లేల పోటీలు ఉంటాయి. ఆ వారం గది దొరకడం చాలా కష్టం. చలికాలంలో వస్తే 1904లో కట్టిన మొలియేర్ నాటకశాల ఉంది. లోపలి హాలు, ఎర్రటి కుర్చీలు, పాటకు అదీ మంచి చోటే, కానీ సముద్రం కనిపించదు.

టికెట్టు ఎక్కడ కొనాలి? ఎంత ఉంటుంది?

ముందు గాయకుడి సొంత వెబ్‌సైటు తెరిచి పర్యటన తేదీల దగ్గరున్న లింకును నొక్కండి. అది నిర్వాహకులు అధికారికంగా ఒప్పుకున్న అమ్మకందారు దగ్గరికే తీసుకెళ్తుంది. ఫ్నాక్ స్పెక్తాకిల్, టికెట్‌మాస్టర్, సీ టికెట్స్ ఎక్కువగా కనిపించే పేర్లు. ఊరి పేరు, గాయకుడి పేరు సెర్చిలో కొడితే పైన ప్రకటనల రూపంలో వచ్చేవి చాలావరకు మళ్లీ అమ్మే సైట్లు. అక్కడ రెట్టింపు ధర చూపిస్తే ఆశ్చర్యపోవద్దు, కొనవద్దు.

ఇంత చిన్న వేదికలో ధర సాధారణంగా 20 నుంచి 50 యూరోల మధ్య ఉంటుంది, దాని మీద సేవా రుసుము. విద్యార్థులకూ నిరుద్యోగులకూ 'తారీఫ్ రెద్వీ' అనే తగ్గింపు ధర ఉన్నప్పుడు గుర్తింపు కార్డు గేటు దగ్గర చూపించాలి. అది మర్చిపోతే తేడా డబ్బు అక్కడికక్కడే కట్టమంటారు.

మన దేశపు బ్యాంకు కార్డుతో కొనేవారికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటే: డబ్బు చెల్లించే మెట్టు దగ్గర ఓటీపీ రాదు. కార్డులో అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం ముందే ఆన్ చేయండి. ఇండియా సిమ్ రోమింగ్‌లో ఎస్ఎంఎస్ అందుకుంటోందో లేదో ముందు రోజే చూసుకోండి. సీట్లను బుట్టలో కొన్ని నిమిషాలే పట్టి ఉంచుతారు. ఓటీపీ కోసం వెతికేలోపు పోతాయి.

టికెట్టు మీదున్న ఫ్రెంచ్ మాటలకు అర్థమేమిటి?

'అసీ' అంటే కూర్చుని వినేది, 'దబూ' అంటే నిలబడి వినేది. 'న్యుమెరోతే' అని ఉంటే సీటు నంబరు మీదే, నిదానంగా రావచ్చు. 'ప్లాస్మాఁ లిబ్ర్' అని ఉంటే ముందొచ్చినవాళ్లదే మంచి చోటు. ఈ చివరి మాట చూడకుండా ఆలస్యంగా వచ్చి పక్క మెట్లకు చేరేవాళ్లు ప్రతి కచేరీలోనూ ఉంటారు.

టైము దగ్గర మరింత జాగ్రత్త. 'ఊవెర్త్యూర్ దె పోర్త్' అంటే తలుపులు తెరిచే వేళ. పాట మొదలయ్యేది దానికి గంట తరువాత. నిలబడి వినే క్లబ్బుల్లో టికెట్టు మీద తలుపుల వేళ వేస్తారు, నాటకశాలల్లో కార్యక్రమం మొదలయ్యే వేళ వేస్తారు. రెండింటినీ కలగాపులగం చేసుకోవద్దు. 'ప్రమియేర్ పార్తీ' అంటే ముందుగా పాడే మరో గాయకుడు, అరగంట. ఆ తరువాత వేదిక సర్దడానికి ఇరవై, ముప్పై నిమిషాలు. అసలు కచేరీ గంటంబావు నుంచి గంటన్నర దాకా. 'తూత్ సోర్తీ ఏ దెఫినితీవ్' అన్న వాక్యం కనిపిస్తే, ఒకసారి బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రానివ్వరని అర్థం.

'కొంప్లే' అని చూపిస్తోంది. ఇంకేమైనా దారి ఉందా?

ఉంది. కొంప్లే అంటే అన్నీ అమ్ముడయ్యాయని. అయినా కచేరీకి రెండు, మూడు రోజుల ముందు నిర్వాహకులు తమకోసం పట్టి ఉంచుకున్న కొన్ని సీట్లు వదులుతారు. రోజూ పొద్దున, సాయంత్రం చూస్తూ ఉండండి. రాలేనివాళ్లు అసలు ధరకే తిరిగి అమ్ముకునే అధికారిక మార్పిడి పేజీ చాలా చోట్ల ఉంటుంది.

గేటు దగ్గర నిలబడి అమ్మేవాళ్ల జోలికి వెళ్లకండి. నిర్వాహకుల అనుమతి లేకుండా టికెట్లు తిరిగి అమ్మడాన్ని అలవాటుగా పెట్టుకోవడం ఫ్రాన్స్‌లో 2012 నుంచి నేరం, 15,000 యూరోల దాకా జరిమానా ఉంది. కొన్నవాళ్లకు జరిగే నష్టం వేరు: ఒకే క్యూఆర్ కోడ్‌ను నలుగురికి అమ్మితే ముందు స్కాన్ చేసినవాళ్లే లోపలికి వెళ్తారు. ఈ కారణంగానే మీ టికెట్టు ఫోటోను కోడ్‌తో సహా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దు.

ఇండియా నుంచి వచ్చేవారికి వీసా సంగతేమిటి?

షెంజెన్ స్వల్పకాల వీసా కావాలి. పెద్దలకు రుసుము 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవి రద్దీలో అపాయింట్‌మెంటు దొరకడమే ఆలస్యం కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లోనే పని మొదలుపెట్టడం మంచిది. హైదరాబాదులో దరఖాస్తు కేంద్రం ఉంది. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కచేరీ టికెట్టును ప్రయాణ కారణానికి ఆధారంగా జత చేయవచ్చు. కానీ దాన్ని చూసి వీసా ఇచ్చేయరు.

సెత్‌కు ఎలా చేరుకోవాలి?

పారిస్‌లోని గార్ ద లియోఁ స్టేషను నుంచి నేరుగా వెళ్లే టీజీవీలు (అతివేగపు రైళ్లు) నాలుగు గంటలకు కాస్త అటూఇటూగా దించుతాయి. మోంపెలియే నుంచి టీఈఆర్ అనే ప్రాంతీయ రైలులో ఇరవై నిమిషాలు. మోంపెలియేలో రెండు స్టేషన్లు ఉన్నాయి. నగరం నడిబొడ్డున సాఁ రోక్, ఊరి బయట స్యూద్ ద ఫ్రాన్స్. పారిస్ నుంచి వచ్చే కొన్ని టీజీవీలు రెండోదాంట్లోనే ఆగుతాయి. అక్కడి నుంచి సాఁ రోక్‌కు చేరి రైలు మారడానికి గంట అదనంగా పెట్టుకోండి.

సెత్ స్టేషను నుంచి రంగస్థలానికి కాలువల పక్కగా నడిస్తే అరగంట పైనే. దారి బాగుంటుంది కానీ జులై మధ్యాహ్నపు ఎండలో కాదు. కారులో వస్తే తీరం వెంట పార్కింగు సాయంత్రం ఆరు తరువాత దొరకడం గగనం. స్టేషను వైపే ఆపి నడవడం నయం.

ఎక్కడ కూర్చుంటే పాట బాగా వినిపిస్తుంది?

మొదటి వరుసలో కాదు. చిన్న వేదికల్లో చాలామంది చేసే పొరపాటు ఇదే. ప్రేక్షకుల కోసం పెట్టిన పెద్ద స్పీకర్లు రెండు పక్కలా ఎత్తున వేలాడుతుంటాయి. వాటి శబ్దం మొదటి వరుసల తలల మీదుగా వెళ్లిపోతుంది. అక్కడ కూర్చున్నవాళ్లకు డ్రమ్ముల మోత, వాద్యకారులు తమకోసం పెట్టుకున్న చిన్న స్పీకర్ల శబ్దం ఎక్కువగా తగిలి, గొంతు వెనక్కి పోతుంది. ముఖం దగ్గరగా చూడాలి, మాట పోయినా పర్లేదు అనుకుంటే తప్ప అక్కడ కూర్చోవద్దు.

శబ్దం కలిపే మనిషి కూర్చునే బల్లను 'రెజీ' అంటారు. తీగలు, మీటలు, చిన్న దీపాలతో ప్రేక్షకుల మధ్యలోనే కనిపిస్తుంది. ఆయన చెవికి ఏది బాగుంటే అదే సరి అన్నట్టు అంతా సర్దుతాడు. కాబట్టి ఆయనకు ముందో, కాస్త పక్కనో, మధ్య గీతకు దగ్గరగా కూర్చుంటే ఆయన వింటున్నదే మీరూ వింటారు. పక్క చివరల్లో ఒక స్పీకరే వినిపిస్తుంది. మరీ పై మెట్ల మీద గాలి వాటా ఎక్కువ.

ఇక వెలుగు. ప్రేక్షకులు సముద్రం వైపు చూస్తూ కూర్చుంటారు, వేదిక వెనక నీళ్లే తెర. జులైలో ఇక్కడ పొద్దు గుంకేది రాత్రి తొమ్మిది దాటాకే. మొదటి గాయకుడు పాడేటప్పుడు ఇంకా వెలుతురే ఉంటుంది, దీపాల రంగులు తెలియవు. అసలు కచేరీ నడిమికి వచ్చేసరికి వెనక ఆకాశం నల్లబడి, రేవు నుంచి బయల్దేరిన ఓడ దీపాలు పాడే మనిషి భుజం మీదుగా కదులుతూ పోతాయి. ఆ పది నిమిషాలు ఫోను లోపల పెట్టుకోండి.

గాలి, వాన వస్తే కచేరీ ఏమవుతుంది?

వాన కంటే గాలే ముఖ్యం. ఇక్కడ రెండు రకాల గాలులు. ఉత్తరం వైపు నుంచి వచ్చే మిస్త్రాల్, త్రమోంతాన్ పొడి గాలులు, ఆకాశాన్ని తుడిచేస్తాయి. ఊరికి ఆనుకున్న సాఁ క్లేర్ కొండ వాటిని కొంత ఆపుతుంది. సముద్రం మీంచి వచ్చేది మారాఁ. తేమ, మబ్బు మోసుకొస్తుంది, నేరుగా వేదిక వెనక నుంచి తగులుతుంది. మైకులోకి బుసబుసమని చేరేది ఈ గాలే. అందుకే ఆ రోజుల్లో మైకులకు స్పాంజి తొడుగులు కనిపిస్తాయి. తొడుగు వేస్తే గొంతులో మెరుపు కాస్త తగ్గుతుంది, అది శబ్దం కలిపేవాళ్ల తప్పు కాదు.

గాలి ఉద్ధృతంగా ఉంటే స, ష, ఫ లాంటి సన్నని హల్లులు ముందు పోతాయి. అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి. పాట వినిపిస్తూ మాట అందకపోవడానికి కారణం ఇదే. పొద్దుగుంకాక చల్లబడటంతో గిటారు తీగల శ్రుతి మారుతుంది. పాటకూ పాటకూ మధ్య వాద్యకారుడు మేకులు తిప్పుతుంటే గాయకుడు కబుర్లు చెబుతాడు. ఆ కబుర్లు ఏ రికార్డులోనూ దొరకవు, చెవి ఒగ్గండి.

చినుకులకు కచేరీ ఆగదు. పిడుగులు, పెనుగాలి అయితే ఆగుతుంది. వేదిక పైకప్పుకూ వేలాడే స్పీకర్లకూ ఎంత గాలి దాకా తట్టుకుంటాయో ముందే లెక్క ఉంటుంది. అది దాటితే ఆకాశం నిర్మలంగా ఉన్నా ఆపేస్తారు. మెతేయో ఫ్రాన్స్ సంస్థ హెచ్చరికలను ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఇస్తుంది. జిల్లాకు నారింజ రంగు వచ్చిందంటే మీ ఈమెయిలు గంటకోసారి చూసుకోవాల్సిందే.

'అన్యులే' అంటే రద్దు, 'రపోర్తే' అంటే మరో తేదీకి మార్పు. మార్చినప్పుడు పాత టికెట్టే కొత్త తేదీకి చెల్లుతుంది. రాలేకపోతే, డబ్బు వాపసు అడగడానికి గడువు పెడతారు, అది దాటితే రాదు. సేవా రుసుము చాలాసార్లు తిరిగివ్వరు. కచేరీ సగం దాటాక ఆగిపోతే వాపసు ఉండదని చాలా ఆరుబయటి వేదికల షరతుల్లో రాసి ఉంటుంది. కొనేముందు ఆ వాక్యం చదవండి.

ఏం తెచ్చుకోవాలి, ఏం తేకూడదు?

మధ్యాహ్నం ముప్పై డిగ్రీలున్నా రాత్రి పది తరువాత తడిగాలి వీపుకు తగులుతుంది. పలుచటి జాకెట్టు, ఆడవాళ్లకైతే ఒక శాలువా. రాతి, సిమెంటు మెట్ల మీద రెండు గంటలు కూర్చోవడానికి మడతపెట్టిన తుండుగుడ్డైనా పనికొస్తుంది. గొడుగు గేటు దగ్గరే తీసేసుకుంటారు, వాన కోటు తెచ్చుకోండి. గాజు సీసాలు, పెద్ద బ్యాగులు, లెన్సు మార్చే కెమెరాలు లోపలికి రావు. ఫోటో ఫోనుతో తీయవచ్చు, ఫ్లాష్ వద్దు. లోపల పానీయాలు గట్టి ప్లాస్టిక్ గ్లాసులో ఇచ్చి ఒకటి, రెండు యూరోలు డిపాజిట్ పట్టుకుంటారు. గ్లాసు తిరిగిస్తే డబ్బు ఇస్తారు, కాకపోతే కచేరీ అయ్యాక కాదు, అయ్యేలోపు ఇవ్వండి. చివర్లో వరుస చాంతాడంత.

చంటిపిల్లలతో రావచ్చా?

చట్టప్రకారం రావచ్చు, కానీ చెవులకు రక్షణ ఉండాలి. ఫ్రాన్స్‌లో 2017 నాటి ఉత్తర్వు ప్రకారం పదిహేను నిమిషాల సగటు శబ్దం 102 డెసిబెళ్లు దాటకూడదు. ఆరేళ్ల దాకా ఉన్న పిల్లల కోసమే చేసే కార్యక్రమాల్లో ఆ హద్దు 94. చెవి బిరడాలు ఉచితంగా ఇవ్వాలి, సిగ్గుపడకుండా అడగండి: 'బూషోఁ దొరేయ్'. చంటివాళ్ల చెవుల్లో బిరడా నిలవదు, వాళ్లకు హెడ్‌ఫోన్ లాంటి తొడుగు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. మామూలు దూది పనిచేయదు.

ఫ్రెంచ్ అంతంతమాత్రమే. ఏం అర్థమవుతుంది?

సిద్ధపడి వస్తే చాలానే. పర్యటనలో పాడే పాటల్లో ఎక్కువ భాగం చివరగా వచ్చిన ఆల్బమ్‌వే. అందులోంచి ఐదారు పాటలు ఎంచుకుని, సాహిత్యం ముందు పెట్టుకుని, పాట వినకముందే రెండుసార్లు పైకి చదవండి. తరువాత వినండి. అన్నీ పైపైన వినేకంటే ఐదింటిని మాట మాటా తెలుసుకోవడం మేలు. సభలో ఆ ఐదూ వచ్చినప్పుడు మిగతావాటికీ చెవి తెరుచుకుంటుంది.

తెలుగువాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. మాట్లాడే ఫ్రెంచ్‌లో పదం చివరనున్న 'అ' లాంటి అచ్చు మింగేస్తారు. పాటలో, అందులోనూ పాత పద్ధతి పాటలో, దాన్ని ఒక అక్షరంగా పలుకుతారు. దక్షిణ ఫ్రాన్స్ యాసలో మామూలు మాటల్లోనూ అది వినిపిస్తుంది. మనది అజంత భాష కాబట్టి పాడిన ఫ్రెంచ్ మన చెవికి మాట్లాడిన ఫ్రెంచ్ కంటే తొందరగా పట్టుబడుతుంది.

ప్రేక్షకులు ఎలా ఉంటారు? ఎప్పుడు చప్పట్లు కొట్టాలి?

మన కచేరీల్లో మంచి సంగతి పడగానే 'ఆహా' అంటాం, పాట మధ్యలోనే చప్పట్లు కొడతాం. ఇక్కడ చివరి స్వరం ఆగేదాకా కదలరు. పాట నడుస్తుండగా పక్కవారికి అర్థం చెప్పడం పెద్ద మర్యాద తప్పు, ముందు వరుస వాళ్లు తిరిగి చూస్తారు.

గాయకుడు దండం పెట్టి లోపలికి వెళ్లగానే లేచి బయల్దేరకండి. అది ముగింపు కాదు. సభంతా ఒకే తాళంలో చప్పట్లు కొడుతుంది. దాన్ని 'రాపెల్' అంటారు. ఆయన తిరిగొచ్చి ఒకటి, రెండు, ఒక్కోసారి మూడు పాటలు పాడతాడు. మన మంగళంలాగా ఇదే ఆఖరని చెప్పే పాట ఉండదు. ప్రేక్షకుల మీద దీపాలు వెలిగి, స్పీకర్లలో రికార్డు పాట మొదలైతే అప్పుడు అయిపోయినట్టు.

తినడానికి ఏం దొరుకుతుంది?

ఊరి ప్రత్యేక వంటకం తియెల్: టమాటా, కారం కలిపిన ఎర్రటి కూరతో గుండ్రటి కజ్జికాయలా ఉంటుంది. లోపల ఉండేది ఆక్టోపస్. శాకాహారులు చూడగానే నోరూరి కొనేస్తారు, జాగ్రత్త.

కచేరీ అయ్యాక గాయకుడిని కలవవచ్చా? తిరుగు రైలు ఉంటుందా?

చిన్న వేదికల్లో ఆల్బమ్‌లు అమ్మే బల్ల దగ్గరికి గాయకుడే వచ్చి సంతకాలు చేయడం మామూలే. వస్తారో రారో ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్లను విరామంలోనే అడిగి పెట్టుకోండి. 'బోన్‌స్వార్' అని పలకరించి, 'వూ' (మీరు) అని గౌరవంగా సంబోధించి, ఒక్క వస్తువు మీదే సంతకం అడగాలి. వెనక యాభై మంది నిలబడి ఉంటారు.

రైలు విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. కచేరీ ముగిసేది అర్ధరాత్రి దగ్గర్లో. మోంపెలియే వైపు ఆఖరి టీఈఆర్ సాధారణంగా అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది, టాక్సీలు తక్కువ. ఊళ్లోనే గది తీసుకోండి, లేదా కారున్న స్నేహితులతో రండి.

సెత్ కుదరకపోతే ఫ్రాన్స్ సముద్రతీరంలో ఇంకెక్కడ?

లా రొషెల్‌లో 1985 నుంచి జులైలో ఫ్రాంకోఫోలీ అనే పాటల ఉత్సవం జరుగుతోంది. పెద్ద వేదిక జనసముద్రం. పాట కోసం వెళ్లేవాళ్లు లా కూర్సీవ్ లోపలి హాలు కార్యక్రమాలు ఎంచుకోవాలి. అదే ఊళ్లో రేవు పక్కనున్న లా సిరేన్ అనే కచేరీ హాలు ఏడాది పొడవునా నడుస్తుంది. సాఁ నజేర్‌లో జర్మన్లు యుద్ధకాలంలో కట్టిన జలాంతర్గాముల కాంక్రీటు స్థావరంలోనే వీఐపీ అనే చిన్న హాలు ఉంది. ఫ్రెంచ్ సంగీతానికిచ్చే విక్తువార్ పురస్కారాల్లో 2024లో నాలుగు గెలుచుకున్న గాయని జాహో ద సాగజాఁ పుట్టిన ఊరు అదే. సాఁ మాలోలో లా నూవెల్ వాగ్ అనే కచేరీ హాలు ఉంది. అక్కడికి వెళ్తే కచేరీకి ముందు ఇసుక మీద తిరిగేటప్పుడు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. నీటిమట్టం ఒక్కోసారి పన్నెండు మీటర్లకు పైగా మారుతుంది. ఆటులో నడిచి వెళ్లిన చిన్న దీవుల నుంచి పోటు వచ్చాక తిరిగి రాలేరు, ఆరు గంటలు అక్కడే ఉండిపోవాలి. టికెట్టు జేబులోనే ఉంటుంది, పాట అవతల అయిపోతుంది.